ఎర్ర దీపం పీకేసిన కారు

తాళం తిప్పగానే మీ కారు డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతోందా? ఇంజిన్ స్టార్టవగానే ఆరిపోతోందా? రెండూ జరుగుతుంటే మీ బండి మీతో సరిగ్గానే మాట్లాడుతున్నట్టు. అసలు ఆ దీపం వెలగడం మీరు ఎప్పుడూ చూడలేదంటే మాత్రం ఈ వారం కాస్త ఓపిగ్గా చదవండి. మా పెద్దమావయ్య కారు కథ ఇది.

మావయ్యది మార్టూరు దగ్గర ఓ పల్లె. పత్తి, మిర్చి, ఈమధ్య కొంచెం శనగ. ఇంటిముందు వేపచెట్టు కింద 1978 మోడల్ మార్క్-3 అంబాసిడర్. సెకండ్‌హ్యాండులో కొన్నాడు. మిర్చి బాగా పండిన ఏడాది కొన్న బండి కాబట్టి అది ఆయనకు ఇంటి మహాలక్ష్మి. 'ఎడ్లనమ్మాను, బండినమ్మాను, దీన్నెట్లా అమ్ముతానయ్యా?' అంటాడు. పిల్లలు ఏసీ కారు కొనిపెడతామన్నా వినలేదు. ఊళ్లో ఎవరికి అర్ధరాత్రి ఆపదొచ్చినా తలుపు తట్టేది ఆయన ఇంటిదే.

మే నెల. మనవరాలికి గుంటూరులో ఎంసెట్... అదే, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారుగా, ఆ పరీక్ష. మధ్యాహ్నం సెషను. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని తెలిసిందే. బస్సులో పంపిద్దామని అత్తయ్య. 'ఎండలో పిల్లని బస్సులో తిప్పుతావా, కారుండగా!' అని మావయ్య. చుట్టపుచూపుగా వెళ్లిన నేను వెనక సీట్లో.

చిలకలూరిపేట దాటేదాకా బాగానే నడిచింది. యడ్లపాడు దగ్గరికొచ్చేసరికి, ఎడమపక్క కొండవీడు కొండలు కనిపిస్తుండగా, ముందునుంచి 'ఫట్' మని చప్పుడైంది. బండి ఆగలేదు. 'రాయి తగిలినట్టుందిలే' అన్నాడు మావయ్య. డాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగలేదు. వేడి ముల్లు మధ్యలోనే ఉంది. అది ఎప్పుడూ మధ్యలోనే ఉంటుందని, పనిచేయక ఏళ్లయిందని తర్వాత తెలిసింది. రెండు, మూడు కిలోమీటర్లు పోయామో లేదో కాలిన పెయింటు వాసన, బానెట్ అంచుల్లోంచి ఆవిరి.

దిగి చూస్తే ఫ్యాన్ బెల్టు తెగిపోయి ఉంది. అప్పటికైనా ఆగాల్సింది. మావయ్య పరీక్ష టైము చూశాడు, పిల్ల మొహం చూశాడు. 'ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగితే మెకానిక్ షెడ్డుంది' అని పావుగంట చల్లార్చి మళ్లీ స్టార్ట్ చేశాడు. కిలోమీటరు కూడా పోలేదు. ఇంజిన్ దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అటుగా గుంటూరు వెళ్తున్న ఓ ట్రాలీ ఆటో, వెనకంతా మిర్చి టిక్కీలు. చెయ్యెత్తితే ఆపాడు. డ్రైవరు పక్కన పిల్లను కూర్చోబెట్టి, నేను టిక్కీల మీదెక్కి, తుమ్ముకుంటూ వెళ్లాం. గేటు వేయడానికి ఐదు నిమిషాల ముందు చేరాం. కళ్లు ఎర్రగా ఉన్న పిల్లను చూసి గేటు దగ్గరాయన 'ఏడవకమ్మా, టైముంది' అన్నాడు. సగం ఏడుపు, సగం మిర్చి ఘాటు.

అంబాసిడరుకు మాత్రం హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజిన్ ఆయిల్లో నీళ్లు కలిసి పాలు పోసిన కాఫీలా తయారైంది. హెడ్ విప్పి ఫేసింగ్ చేయించాల్సి వచ్చింది. ఆ బిల్లు పెట్టి కొంటే మావయ్య జీవితానికి సరిపడా ఫ్యాన్ బెల్టులు వచ్చేవి.

మరి ఎర్ర దీపం ఎందుకు వెలగలేదు? అసలు సంగతి అక్కడుంది. రెండేళ్ల కిందట ఆ దీపం ఎప్పుడు చూసినా మిణుకుమిణుకుమంటూ ఉందని ఒక ఎలక్ట్రీషియన్‌కి చూపించారట. 'ఏం లేదు పెద్దాయనా, పాత బళ్లకి ఇది మామూలే' అని అతగాడు వెనక చెయ్యి పెట్టి బల్బు పీకి చేతిలో పెట్టాడు. మావయ్య సంతోషంగా పది రూపాయలు కూడా ఇచ్చాడు. కాపలాకుక్క మొరుగుతోందని మూతి కట్టేసినట్టయింది.

తూకం లెక్క

ఆ ఎర్ర దీపాన్ని చాలామంది 'బ్యాటరీ లైటు' అంటారు. బ్యాటరీ బలహీనమైతే వెలుగుతుందనుకుంటారు. కాదు. అది వెలిగేది డైనమో పనిచేయనప్పుడు. ఆ బల్బుకు ఒకవైపు బ్యాటరీ, రెండోవైపు డైనమో. మిర్చి యార్డులో కాటా ఊహించుకోండి. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ వైపు మాత్రమే బరువుంటుంది కాబట్టి కరెంటు బల్బులోంచి పారి దీపం వెలుగుతుంది. ఇంజిన్ తిరిగి డైనమో కరెంటు పుట్టించడం మొదలెడితే రెండు పళ్లేలూ సమానమవుతాయి. బల్బులోంచి పారేదేమీ ఉండదు. దీపం ఆరుతుంది. అంతే దాని కథ.

ఇందులో ఒక మెలిక ఉంది. పాతకాలం డైనమో ఉన్న బండి ఐడ్లింగులో ఉన్నప్పుడు దీపం కొద్దిగా మిణుకుమంటే కంగారుపడక్కర్లేదు. యాక్సిలరేటర్ తొక్కగానే ఆరాలి. ఆల్టర్నేటర్ ఉన్న బళ్లలో ఆ వెసులుబాటు లేదు, ఐడ్లింగులోనూ ఆరాల్సిందే. (మన మెకానిక్కులు ఆల్టర్నేటర్‌ని కూడా డైనమో అనే అంటారు. కాబట్టి మీ బండిలో ఉన్నదేదో అడిగి తెలుసుకోండి.) ఆల్టర్నేటర్ బండిలో బల్బు మాడిపోతే ఇంకో తంటా. చాలా రకాల్లో మొదటి చిన్న కరెంటు ఆ బల్బు ద్వారానే అందాలి. అది లేకపోతే ఆల్టర్నేటర్ మేలుకోకపోవచ్చు. అరచేతిలో ఇమిడే బల్బు లేక ఛార్జింగే ఆగిపోతుందన్నమాట.

మావయ్య దీపం రోడ్డుమీద పోతున్నా మిణుకుమంటూనే ఉండేదట. అంటే బెల్టు వదులై జారుతోందని అర్థం. ఆ రెండేళ్లూ చలికాలం పొద్దున్నే పాలేర్లు తోస్తేగానీ కారు స్టార్టయ్యేది కాదని అత్తయ్య చెప్పింది. బ్యాటరీ ఏనాడూ నిండా ఛార్జి కాలేదు మరి. బ్యాటరీ కూడా మార్చారు. జబ్బు ఒకచోట, మందు ఒకచోట.

అంబాసిడరులో ఆ ఒక్క బెల్టే డైనమోనూ, ఫ్యాన్‌నూ, నీళ్ల పంపునూ తిప్పుతుంది. దాంతో ఎర్ర దీపం వెలిగిందంటే 'లైట్లకి కరెంటు లేదులే, పగలే కదా' అని పోవడానికి వీల్లేదు. నీళ్లు తిరగడం ఆగిపోయిందేమో చూసుకోవాలి. బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, బెల్టు ఉందో లేదో ఒక్క చూపు. ఉంటే, దీపం తప్ప మిగతావన్నీ బాగుంటే, ఏసీ, పాటలు, హెడ్‌లైట్లు ఆపేసి దగ్గర్లో షెడ్డుదాకా బ్యాటరీ మీద వెళ్లొచ్చు. లేకపోతే అక్కడే ఆగడం. పొగలుగక్కే రేడియేటర్ మూత మాత్రం తీయకండి. లోపలి వేణ్నీళ్లు మొహాన చిమ్ముతాయి. కాలే ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించడమూ తప్పే, హెడ్ పగులుతుంది.

బెల్టును చూసుకోవడం వంకాయలు ఏరుకున్నంత తేలిక. ఇంజిన్ ఆపి, రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్నచోట బొటనవేలితో నొక్కండి. అరంగుళం దిగితే బాగున్నట్టు. అంతకన్నా ఊగులాడితే బిగించాలి. లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే, పగుళ్లుంటే, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కీచుమంటే కొత్తది వేయించండి. పాతదాన్ని పారేయకుండా డిక్కీలో పెట్టుకోండి. గుంటూరు నుంచి ఒంగోలు దాకా నూటపది కిలోమీటర్ల పైచిలుకు హైవేలో ఈ మార్కు బెల్టు దొరికే కొట్లు రానురాను తగ్గిపోతున్నాయి.

ఇంకో ఎర్ర దీపం ఉంటుంది. నూనె కూజా బొమ్మ. దీని విషయంలో బేరాల్లేవు. వెలిగిన క్షణం ఇంజిన్ ఆపాలి. ఆయిలు ప్రెషర్ లేకుండా నిమిషం తిరిగినా బేరింగులు అరిగిపోతాయి. గేజి పుల్ల తీసి ఆయిలు ఎంతుందో చూడండి. తక్కువుంటే పోసి, దీపం ఆరితే కదలండి. ఆయిలు సరిపడా ఉండీ వెలుగుతుంటే ఇంజిన్ తిప్పకుండా లాక్కెళ్లడమే మంచిది. ప్రెషర్ స్విచ్ చెడినా వెలుగుతుందనేది నిజమే. ఆ మాట మెకానిక్ గేజి పెట్టి చూసి చెప్పాలి. రోడ్డుమీద మనమనుకుంటే సరిపోదు.

మారుతీ 800 వాళ్లకు ఒక మాట. 2000 నుంచి వచ్చిన ఎం.పి.ఎఫ్.ఐ. బళ్లలో ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం ఉంటుంది. పసుపు ఎరుపంత తొందరపెట్టదు. నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డుకు వెళ్లొచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం ఏదో సిలిండర్లో నిప్పు సరిగా పడక పచ్చి పెట్రోలు సైలెన్సర్లోకి పోతున్నట్టు. అక్కడ ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, వేగం తగ్గించండి. మన దేశంలో ఈ లోపాల్ని తనే పసిగట్టి కోడ్ రూపంలో దాచుకునే ఏర్పాటు 2010 నుంచి కార్లకు దశలవారీగా తప్పనిసరైంది. వాటికి స్కానర్ చాలు. మావయ్య కారుకు స్కానర్ పెట్టే రంధ్రమే లేదు. అక్కడ చెవి, ముక్కు, కన్నే స్కానర్లు.

డెల్కో ఎవరు?

మన షెడ్లలో డిస్ట్రిబ్యూటర్‌ని ఎవరూ డిస్ట్రిబ్యూటర్ అనరు. 'డెల్కో' అంటారు. ఏ భాష మాటో అనుకుంటూ చాలాకాలం గడిపాను. అది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ అనే ఊరిపేరు మీద పెట్టిన కంపెనీ. డేటన్ ఇంజినీరింగ్ ల్యాబొరేటరీస్ కంపెనీ, పొడి అక్షరాల్లో డెల్కో. ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరు తయారుచేసిన ఇగ్నిషన్ 1910 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది. 1912లో ఆయన సెల్ఫ్ స్టార్టర్ కూడా ఆ కార్లకే వచ్చింది. చేత్తో హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే రోజులు దాంతో పోయాయి. ఆ కంపెనీ పేరు వందేళ్ల తర్వాత నల్లరేగడి నేల మీది షెడ్లలో ఇంకా పలుకుతోంది.

పన్నెండు వోల్టుల బ్యాటరీతో ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. దానికి వేల వోల్టులు కావాలి. ఆ పని కాయిల్‌ది. డెల్కోలో ఉన్న రెండు పాయింట్లు కలిసినప్పుడు కాయిల్లో కరెంటు పారుతుంది. విడిపోగానే పారుదల ఠక్కున ఆగి, ఆ కుదుపుకి కాయిల్ రెండో చుట్టలో పదిహేను, ఇరవై వేల వోల్టులు లేస్తాయి. రోటర్ తిరుగుతూ దాన్ని ఏ ప్లగ్గు వంతుంటే ఆ ప్లగ్గుకు పంచుతుంది. నిమిషానికి మూడువేల చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్లో ఇది సెకనుకు వందసార్లు జరగాలి. ఆ పాయింట్ల మధ్య సందు ఎంతో తెలుసా? 0.4 మిల్లీమీటరు, సుమారు విజిటింగ్ కార్డు మందం. ఫిల్లర్ గేజి లేని మెకానిక్కులు నిజంగానే విజిటింగ్ కార్డు పెట్టి చూసేవాళ్లు. (పెళ్లి శుభలేఖ ముక్క పెట్టినాయన్ని కూడా చూశాను. కాస్త లావెక్కువ.)

బెల్టు గొడవకి ఏడాది ముందు మావయ్య కారుకి ఇంకో రోగం వచ్చింది. పొద్దున బ్రహ్మాండంగా స్టార్టవుతుంది. ఎండలో గంట నడిస్తే జర్కులిచ్చి ఆగిపోతుంది. అరగంట చెట్టుకింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి చల్లబడి ఉంటుంది కాబట్టి మెకానిక్కుకి ఏ లోపమూ దొరకదు. ఒకాయన ప్లగ్గులు మార్చాడు. ఒకాయన కార్బొరేటర్ విప్పి కడిగాడు. మూడో ఆయన 'పెట్రోలు ఆవిరైపోతోంది' అని పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశాడు. ఆ మూడో ఆయన మాట ఊరికే తీసిపారేయలేం. మన ఎండల్లో పంపులో పెట్రోలు ఆవిరై ఆగిపోవడం పాత బళ్లకు ఉన్నదే. అది పెట్రోలు జబ్బా, కరెంటు జబ్బా అన్నది తేల్చుకోకుండా గుడ్డలు వేయడమే తప్పు.

చివరికి నరసరావుపేట వైపు ఓ ముసలి మెకానిక్ బండిని షెడ్డులోకి రానివ్వలేదు. 'ఆగిపోయినప్పుడు నన్ను పిలవండి. నడుస్తున్న బండికి నేనేం వైద్యం చెయ్యను బాబూ?' అన్నాడు. మిట్టమధ్యాహ్నం మావయ్యతో పాటు బండెక్కి, రోడ్డుమీద తిప్పి తిప్పి, ఆగేదాకా కూర్చున్నాడు. ఆగగానే బానెట్ ఎత్తి, ఒక ప్లగ్గు వైరు పీకి, దానికి జేబులోంచి తీసిన పాత ప్లగ్గు తగిలించి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో ఇంజిన్ ఇనుముకు ఆనించి, సెల్ఫ్ కొట్టమన్నాడు. నిప్పురవ్వ పడింది గానీ పసుపుగా, నీరసంగా. బాగున్నదైతే నీలంగా, చిటుక్కుమంటూ పడాలి. 'పెట్రోలు సంగతి వదిలెయ్యండి' అన్నాడు. తర్వాత డెల్కో మూత తీసి పాయింట్ల దగ్గర చూడమన్నాడు. విడిపోయినప్పుడల్లా అక్కడ పెద్ద మెరుపు. చిన్న చుక్కలా ఉండాల్సింది వెల్డింగులా వెలుగుతోంది. కండెన్సర్ పోయింది.

సిగరెట్ ముక్కంత ఉండే ఆ కండెన్సర్ పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ మెరుపు లేవకుండా ఆ ఉప్పెనను తను మింగుతుంది. అది వేడికి చెడితే పాయింట్లు కాలిపోతాయి, కాయిల్లో కుదుపు తగ్గుతుంది, నిప్పు నీరసిస్తుంది. చల్లబడగానే మళ్లీ ఓ మోస్తరుగా పనిచేస్తుంది. అందుకే దొంగ దొరకలేదు. ధర చూస్తే హోటల్లో టిఫిన్ ఖరీదు. అప్పటికి మావయ్య పెట్టిన ఖర్చు వేలల్లో.

ఈ వేడి జబ్బు కాయిల్‌కూ వస్తుంది. దానికి మనం చేసే అపకారం ఒకటుంది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లోనే ఉంచి, పాటలు వింటూ కూర్చోవడం. ఆ సమయానికి పాయింట్లు కలిసి ఆగి ఉంటే కాయిల్లో కరెంటు ఆగకుండా పారి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లూ మాడతాయి. పెళ్లివారింటి ముందు డ్రైవర్లు చేసే పని ఇదే. పాటలకు వేరే వైరు లాగించుకోండి.

మన నేల పెట్టే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. డిసెంబరు, జనవరిలో మంచు కురిసిన పొద్దున డెల్కో మూత లోపల చెమ్మ పట్టి నిప్పు పక్కదారి పడుతుంది. బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టకుండా మూత విప్పి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. తుడిచేటప్పుడు లోపల పెన్సిలు గీతలాంటి నల్లచార కనిపిస్తే మూత మార్చాల్సిందే. తుడిస్తే పోదు, అది పగులు వెంట పట్టిన బొగ్గు. రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడిపించండి. వైర్ల మీద నీలం మెరుపులు పాకుతుంటే అవి చివికినట్టే. పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు పెట్టే గోదాముల్లో కారు పెట్టేవాళ్లు ఎలుకల సంగతి మరచిపోవద్దు. వైర్లు కొరకడంలో వాటిని మించినవి లేవు. జిన్నింగు మిల్లుల దగ్గర తిరిగే బళ్లకు రేడియేటర్ నిండా దూది నూగు పేరుకుంటుంది. బయట నుంచి చూస్తే కనిపించదు, ఇంజిన్ వైపు నుంచి నీళ్లు కొట్టాలి.

పాయింట్లు గుంతలు పడితే ఉప్పుకాగితంతో రుద్దడం మనవాళ్లకు అలవాటు. ఇసుక రేణువులు అక్కడే ఇరుక్కుని మళ్లీ కాలుతుంది. సన్నటి ఆకురాయితో సాపుచేసి, పెట్రోలులో ముంచిన శుభ్రమైన కార్డు ముక్క సందులోంచి లాగండి, ఆరాక మూత పెట్టండి. తిరిగే క్యామ్‌కు అగ్గిపుల్ల కొసన పట్టినంత గ్రీజు రాయండి. అది ఎండిపోతే పాయింటు మడమ అరిగి సందు దానంతటదే మూసుకుపోతుంది. ఇవన్నీ తాళం తీసేశాకే. ఆ వైర్లలో ఇరవై వేల వోల్టులున్నాయని మళ్లీ చెప్పక్కర్లేదుగా.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమని కొందరంటారు. నన్నడిగితే మంచిదే. మావయ్యను అడిగితే 'అది పోతే రోడ్డుమీద నేనేం చేస్తాను? ఇదైతే కార్డు ముక్కతో బాగుపడుతుంది' అంటాడు. యడ్లపాడు ఎండలో నిలబడ్డాక ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. మారుతీ 800 ఆగిందీ అదే ఏడాది. సామాను ఇంకా విజయవాడ ఆటోనగర్లో వెతికితే దొరుకుతోంది. వెళ్లినప్పుడు పాయింట్లు, కండెన్సర్, రోటర్, బెల్టు ఒక్కో జత ఎక్కువ తెచ్చుకోండి. ఇంకో సంగతి, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత బళ్ల రబ్బరు పైపుల్ని అది మెత్తబరుస్తుంది. ప్లగ్గు వైర్ల పక్కనే పెట్రోలు కారితే ఏమవుతుందో తెలుసు కాబట్టి పైపులు మార్పించుకోండి.

మావయ్య డాష్‌బోర్డులో ఇప్పుడు కొత్త బల్బుంది. వేడి ముల్లూ కదులుతోంది. మొన్న పండక్కి వెళ్తే తాళం నాకిచ్చి 'తిప్పి చూడు, ఎర్రది వెలిగిందా?' అన్నాడు. వెలిగింది. 'ఇప్పుడు సెల్ఫ్ కొట్టు.' ఆరింది. ఇంజనీరింగు రెండో ఏడాదిలో ఉన్న మనవరాలు వెనక సీట్లోంచి 'తాతయ్యా, బస్సుకి టైమైంది, నేను బస్సులోనే వెళ్తా' అంది.

(వచ్చే వారం: బ్రేకు తొక్కితే పెడల్ కిందికి దిగిపోతోందా?)